పైరేట్స్ ఆటా, మన ఆర్మగాం రేవూ

విడియో గేముల్ని డబ్బాల్లో సర్దడం ఆటగాళ్ళకి మహా సరదా. ఇది షూటరు, ఇది రేసింగు, ఇది స్ట్రాటజీ, ఇది ఆర్పీజీ.. ఇలా. కానీ ఏ డబ్బాలోనూ పట్టని ఆటలు కొన్నుంటాయి. వాటన్నిటికీ పెద్దన్నయ్య లాంటిది "సిడ్ మైయర్స్ పైరేట్స్!". యాక్షన్ గేమా అంటే ఓడల మధ్య ఫిరంగి యుద్ధాలున్నాయి, అవతలి కెప్టెన్ తో కత్తియుద్ధం ఉంది. వ్యాపారం గేమా అంటే ఒక ఊళ్ళో పంచదార చౌకగా కొని ఇంకో ఊళ్ళో అమ్ముకోవచ్చు. స్ట్రాటజీయా అంటే ఊరి మీద దండెత్తినప్పుడు మన మనుషుల్ని చదరంగం పావుల్లా నడపాలి. శత్రువుల ఊళ్ళోకి దొంగచాటుగా దూరి కాపలావాళ్ళ కళ్ళు కప్పాలి. ఇవన్నీ చాలవన్నట్టు గవర్నరు గారి అమ్మాయితో తాళం తప్పకుండా డాన్సు కూడా చెయ్యాలి :)

మన భాషలో చెప్పాలంటే ఇది అచ్చమైన విఠలాచార్య జానపద సినిమా. కత్తియుద్ధం ఉంది, మారువేషం ఉంది, రాజకుమారి ఉంది, నిధి ఉంది, చెరలో ఉన్న కుటుంబాన్ని విడిపించాల్సిన హీరో ఉన్నాడు. మనవాళ్ళకి ఈ కలగాపులగం కొత్తేమీ కాదు. టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ నచ్చేది ఏదో ఒకటి ఉండాలి కదా!

1987లో మైక్రోప్రోస్ అనే కంపెనీ కమడోర్ 64 కోసం తీసుకొచ్చిన ఆట ఇది. అప్పటిదాకా సిడ్ మైయర్ పేరు విమానాలు నడిపే సిమ్యులేటర్లకి ప్రసిద్ధి. ఆయన ఉన్నట్టుండి సముద్రపు దొంగల ఆట తీస్తానంటే, కొనేవాళ్ళు గుర్తుపడతారో లేదోనని డబ్బా మీద ఆయన పేరే వేశారు. తర్వాత "సివిలైజేషన్" లాంటి వాటి మీద మనం చూసే "సిడ్ మైయర్స్" అన్న ముద్ర మొదలైంది దీంతోనే. 2004లో ఆయన కొత్త కంపెనీ ఫిరాక్సిస్ ఇదే ఆటని బొమ్మలు మెరుగుపరిచి మళ్ళీ విడుదల చేసింది. నేనిప్పుడు ఆడుతున్నది ఆ 2004 రూపమే. రెండు వీకెండ్లు, రమారమి పదిహేను గంటలు అయింది. కాబట్టి ఇవి తొలి అభిప్రాయాలు మాత్రమే, పూర్తి రివ్యూ కాదు.

నాకు బాగా నచ్చినవి మూడు. ఒకటి, గాలి. తెరచాప ఓడ కాబట్టి గాలి ఎటు వీస్తోందన్న దాన్ని బట్టి మన వేగం. కరీబియన్ సముద్రంలో గాలి ఎక్కువగా తూర్పు నించి పడమరకి వీస్తుంది. పడమరకి పోవడం హాయి, తిరిగి తూర్పుకి రావాలంటే ప్రాణం మీదకొస్తుంది. రెండు, మన ఓడలో పనిచేసే జనం. వాళ్ళు జీతగాళ్ళు కారు, వాటాదారులు. ఎక్కువ కాలం దోపిడీ సొమ్ము పంచకుండా తిప్పితే సణుగుడు మొదలౌతుంది, చివరికి వదిలేసి పోతారు. (అప్రైజల్ వాయిదా వేసే మేనేజర్లందరితో ఈ ఆట ఒకసారి ఆడించాలి.) మూడు, వయసు. మన కెప్టెన్ ముసలివాడౌతాడు. కత్తి నెమ్మదిస్తుంది. ఏదో ఒకనాడు రిటైరవ్వాలి. అప్పుడు మనం కూడబెట్టిన బంగారం, భూములు, బిరుదులు లెక్కేసి, బిచ్చగాడిగా పోతామో గవర్నరుగా పోతామో చెబుతుంది. ఎన్ని లైఫులు మిగిలాయన్న లెక్క తప్ప వేరే లెక్కలేని ఆటల కాలంలో, ఒక్కటే లైఫు, అదీ కరిగిపోయేది అని చెప్పడం ఎంత పెద్ద ఆలోచనో!

నచ్చనిది కూడా చెప్పాలి. డాన్సు మరీ ఎక్కువ. పదో గవర్నరు గారి పదో అమ్మాయి దగ్గరకొచ్చేసరికి దండం పెట్టి ఓడెక్కేద్దామనిపిస్తుంది. దేనికది విడిగా చూస్తే ఇందులో ఏ ముక్కా గొప్పది కాదు. కత్తియుద్ధం ఒక్కటే కావాలంటే ఇంతకంటే మంచివి వందున్నాయి. కానీ వ్యాపారంలో నష్టం వస్తే దోపిడీకి పోవడం, దోపిడీ చేస్తే ఒక దేశం పగబట్టడం, ఆ పగ వల్ల ఒక రేవు మూసుకుపోవడం.. ఇలా ఒక ముక్క ఇంకో ముక్కని తోసుకుంటూ పోతుంది. అసలు కిటుకు ఆ అతుకుల్లో ఉంది.

ఇంతకీ ఈ ఆట గురించి రాయడానికి కారణం ఇంకోటి. మొదలెట్టేముందు ఇది మనల్ని ఏ ఏడు నించి ఆడతారని అడుగుతుంది. 1600, 1620, 1640, 1660, 1680. ఎంచుకున్న కాలాన్ని బట్టి ఎవరి ఊళ్ళెన్ని, ఎవరు బలవంతులు అన్నది మారుతుంది. నేను 1620 ఎంచుకున్నా. అదే కాలంలో మా నెల్లూరు తీరంలో ఏం జరుగుతోందా అని పుస్తకాలు తిరగేస్తే మతిపోయింది. ఇక్కడా అదే ఆట నడుస్తోంది. అదే ఇంగ్లీషువాళ్ళు, అదే డచ్చివాళ్ళు, అవే ఫిరంగులు. కరీబియన్ లో ఇంగ్లీషువాళ్ళు సెయింట్ కిట్స్ దీవిలో స్థిరపడింది 1624లో, బార్బడోస్ లో 1627లో. సరిగ్గా ఆ రెంటికీ మధ్య, 1626లో, అదే దేశం వాళ్ళు మన దుగరాజపట్నంలో కొట్టు తెరిచారు.

దుగరాజపట్నం తెలీనివాళ్ళకి: గూడూరు నించి తూర్పుకి వాకాడు మీదుగా సముద్రం దాకా పోతే వచ్చే పల్లె. నిన్నమొన్నటిదాకా నెల్లూరు జిల్లానే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది. ఇంగ్లీషు రికార్డుల్లో దీని పేరు ఆర్మగాం, ఆర్మగాన్. ఆ పేరెలా వచ్చిందంటే, తమకి సాయం చేసిన ఆరుముగ మొదలి అనే స్థానిక పెద్ద పేరునే ఇంగ్లీషువాళ్ళు రేవుకి పెట్టుకున్నారని చెబుతారు. ఇక్కడి తీరానికి కాస్త దూరంగా సముద్రంలో ఒక ఇసుక మేట ఉంది. నావికుల పటాల్లో దానికి ఇప్పటికీ ఆర్మగాన్ పేరే. ఊరు మర్చిపోయిన పేరు సముద్రం గుర్తుపెట్టుకుంది!

ఇక కథలోకి వద్దాం. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ "గ్లోబ్" 1611లో కోరమాండల్ తీరానికొచ్చింది. ముందు పులికాట్ లో అడుగుపెట్టబోతే డచ్చివాళ్ళు పొమ్మన్నారు. అక్కడ వ్యాపారం మాకే రాసిచ్చారు అన్నారు. ఇంగ్లీషువాళ్ళు పైకి పోయి మచిలీపట్నంలో దుకాణం పెట్టుకున్నారు. డచ్చివాళ్ళు 1613లో పులికాట్ లో గెల్డ్రియా అనే కోట కట్టేశారు. 1619లో రెండు కంపెనీలూ రాజీపడి పులికాట్ లో కలిసి వ్యాపారం చేద్దామని ఒప్పందం రాసుకున్నాయి. ఆ కాపురం ఎన్నాళ్ళో నిలవలేదు. 1623లో ఇండోనేషియా దీవుల్లోని అంబోయినాలో డచ్చివాళ్ళు ఇంగ్లీషు వర్తకుల్ని కుట్ర నేరం మోపి చంపారు. అక్కడితో రాజీ గాలికి పోయింది. పులికాట్ నించి బయటపడ్డ ఇంగ్లీషువాళ్ళకి డచ్చి ఫిరంగుల నీడ పడని చోటు కావాలి. సుమారు 60 కిలోమీటర్లు ఉత్తరాన దొరికిందే ఆర్మగాం.

1628 నాటికి అక్కడ కొట్టు చుట్టూ 12 ఫిరంగులు, వర్తకులూ సిపాయిలూ కలిపి 23 మంది. అంతే! ఓ చిన్న ప్రాజెక్టు టీమంత. కానీ ఇండియాలో ఇంగ్లీషు కంపెనీ ఫిరంగులు పెట్టి కాపలా కాసుకున్న తొలి స్థావరం ఇదే. సూరత్ లో వాళ్ళు మొగలుల దయ మీద, మచిలీపట్నంలో గోల్కొండ దయ మీద బతుకుతున్నారు. "మన చుట్టూ మన గోడ ఉండాలి" అన్న ఆలోచనకి బీటా వెర్షన్ నెల్లూరు తీరంలో రిలీజైంది. అదే 1628లో మచిలీపట్నంలో గోల్కొండ అధికారుల వసూళ్ళు భరించలేక అక్కడి ఇంగ్లీషువాళ్ళు కూడా సామాను సర్దుకుని ఆర్మగాంకి వచ్చేశారు. కొన్నాళ్ళు తూర్పు తీరం మొత్తానికీ ఇదే వాళ్ళ హెడ్డాఫీసు. తర్వాత 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా "బంగారు ఫర్మానా" ఇచ్చాడు. ఏడాదికి 500 పగోడాలు కట్టి స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోమన్నాడు. వాళ్ళు మళ్ళీ మచిలీపట్నానికి పోయారు.

మరి ఆర్మగాం ఏమైంది? ఇక్కడ ఫ్రాన్సిస్ డే అనే అధికారి ఉండేవాడు. ఆయనకి ఈ రేవు ఎప్పుడూ నచ్చలేదు. కావలసిన రకం గుడ్డ దొరకడం కష్టం, స్థానిక నాయకుడితో పేచీలు, కోటేమో శిథిలం. కొత్త చోటు వెతుక్కుంటూ తీరం వెంబడి దక్షిణానికి పోయాడు. 1639 ఆగస్టు 22న దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసపట్నం అనే ఇసుక దిబ్బకి పట్టా సంపాదించాడు. అక్కడ గుడ్డ చౌకని పైవాళ్ళకి రాశాడు. పక్కనే ఉన్న శాంథోంలో ఆయనకో ప్రియురాలుండేదని, అందుకే ఆ చోటు ఎంచాడని అప్పట్లోనే గుసగుసలు. (గవర్నరు గారి అమ్మాయి ఎపిసోడ్ ఇక్కడా తప్పలేదన్నమాట.) 1640 ఫిబ్రవరిలో డే, ఆయన పైఅధికారి ఆండ్రూ కోగన్ మద్రాసులో దిగారు. వెంట ఓ పాతిక మంది తెల్ల సిపాయిలు, బేరి తిమ్మన్న అనే తెలుగు దుబాసీ. ఆ ఇసుక దిబ్బ మీదే సెయింట్ జార్జి కోట లేచింది. పట్టా ఇచ్చిన దామెర్లవారి తండ్రి చెన్నప్ప పేరు మీదుగా చెన్నపట్నం అయింది. ఇది అందరికీ తెలిసిన కథే. దానికి ముందు పద్నాలుగేళ్ళ రిహార్సల్ మన దుగరాజపట్నంలో జరిగిందన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఏటా ఆగస్టు 22న మద్రాసు పుట్టినరోజు చేస్తారు. ఆర్మగాంకి పుట్టినరోజూ లేదు, తద్దినమూ లేదు.

మరి ఆ కాలంలో ఇక్కడి రాజకీయం? అది ఆటకి మించిన డ్రామా. 1614లో వెంకటపతి రాయలు పోయాక గొబ్బూరి జగ్గరాయడు కొత్త రాజునీ కుటుంబాన్నీ చెరబట్టి చివరికి చంపేశాడు. ఒక్క పిల్లాణ్ణి మాత్రం వెలుగోటి యాచమ నాయకుడు ఓ చాకలి సాయంతో కోట దాటించాడని, అప్పట్లో బర్రదాస్ అనే పోర్చుగీసు పాద్రీ ఉత్తరంలో రాశాడు. యాచమ నాయకుడంటే మన వెంకటగిరి సంస్థానం వారి పూర్వీకుడు. 1616లో తోపూరు యుద్ధంలో జగ్గరాయడు చచ్చాడు. ఆ పిల్లాడే రామదేవరాయలుగా గద్దెనెక్కాడు. ఇంగ్లీషువాళ్ళు ఆర్మగాంలో దిగేనాటికి పేరుకి రాజు ఆయనే. మారువేషాలు, చెరలో రాజకుమారులు, ప్రతీకారం.. ఇవన్నీ మా జిల్లా చరిత్రలోనే ఉంటే విఠలాచార్య దాకా పోవడం ఎందుకు!

సరే, ఇక గేమ్ డిజైను సంగతి. పైరేట్స్ ఆటని మన తీరానికి పోర్టు చెయ్యాలంటే ఏం మార్చాలి అని ఆలోచిస్తే చరిత్ర ఇంకా బాగా అర్థమౌతుంది.

మొదటిది గాలి. కరీబియన్ లో గాలి దిక్కు దాదాపు స్థిరం. మనకి అలా కాదు, ఏడాదికి రెండుసార్లు తిరగబడుతుంది. నైరుతి గాలితో వచ్చిన ఓడ, అక్టోబరులో తుఫాన్లు మొదలయ్యేలోపు సరుకెక్కించుకుని బయటపడాలి. మిస్సయితే ఓడ ఉంటుందో ఊడుతుందో చెప్పలేం. అంటే మన ఆటలో అన్నిటికంటే పెద్ద శత్రువు క్యాలెండరు. డెడ్ లైను అన్నమాటకి అసలైన అర్థం కోరమాండల్ కెప్టెన్ కి తెలిసినట్టు మనకెవరికీ తెలీదు.

రెండోది రేవు. ఆటలో ఓడ నేరుగా ఊరికి ఆనుకుంటుంది. మన తీరంలో అది కుదరదు. మైపాడో తూపిలిపాళెమో పోయి నిలబడి చూడండి, కెరటాలు విరిగే చోటు దాటి పెద్ద ఓడ లోపలికి రాలేదు. లంగరు దూరంగా వేసుకుని ఆగాల్సిందే. మనిషీ, మూటా, ఫిరంగీ అన్నీ మసూలా పడవల్లోనే ఒడ్డుకి చేరాలి. ఆ పడవలకి ఒక్క మేకు ఉండదు. పలకల్ని కొబ్బరి పీచు తాళ్ళతో కుడతారు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకి పగిలిపోతే, కుట్టిన పడవ ఒంగి నిలుస్తుంది. లండన్ నించి ఆరేడు నెలలు ప్రయాణం చేసొచ్చిన కంపెనీ ఓడ, ఆఖరి ఫర్లాంగు కోసం మన జాలర్ల చేతుల్లో ఉంది. వాళ్ళు రామంటే సరుకు ఓడలోనే. ఇంత బలమైన డిపెండెన్సీ మన సిస్టముల్లో కూడా ఉండదు.

మూడోది సరుకు. కరీబియన్ లో పంచదార, పొగాకు. మన దగ్గర గుడ్డ. ఇండోనేషియా దీవుల వాళ్ళు మిరియాలకీ లవంగాలకీ బదులుగా యూరపు ఉన్ని తీసుకోరు, వాళ్ళకి కోరమాండల్ అద్దకపు గుడ్డలే కావాలి. కాబట్టి లండనుకీ ఆమ్‌స్టర్‌డాంకీ మసాలా చేరాలంటే ముందు మన నేతగాడి మగ్గం ఆడాలి. కంపెనీ నెలల ముందే అడ్వాన్సు ఇచ్చి గుడ్డ నేయించుకునేది. అడ్వాన్సు తీసుకున్న నేతగాడికి నూలు ధర పెరిగితే నష్టం, వాన పడకపోతే నష్టం. వెండి అడుగంటితే కంపెనీకి నష్టం. ఓడ వచ్చే రోజుకి మూటలు సిద్ధంగా ఉండాలి. కత్తి దూయకుండానే చెమటలు పట్టించే ఆట ఇది.

ఇక నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది: ఆటలో కనబడనివి. పైరేట్స్ సరుకుల పట్టీలో తిండి ఉంది, పంచదార ఉంది, మసాలా ఉంది, ఫిరంగులున్నాయి. బానిసలు లేరు. నిజం కరీబియన్ లో ఆ పంచదార పండించింది ఆఫ్రికా నించి గొలుసులేసి తెచ్చిన మనుషులు. వాళ్ళని సరుకుగా పెట్టి జనం చేత కొనిపించడం కంటే వదిలెయ్యడమే మేలని తయారుచేసినవాళ్ళు అనుకుని ఉండొచ్చు, దాన్ని తప్పుపట్టను. కానీ దాని ఫలితం ఒకటుంది. దోపిడీ సరదాగా కనబడుతుంది, దోపిడీకి గురైనవాడు అసలు కనబడడు.

మన తీరం ఇందులో మినహాయింపు కాదు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు పులికాట్ నించీ చుట్టుపక్కల రేవుల నించీ వేలాది మందిని కొని బటేవియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, బానిసలుగా పంపారు. కరువొస్తే ఆ వ్యాపారం పెరిగేది. పిల్లల్ని అమ్ముకునేంత ఆకలి వస్తే కొనేవాడు రేవులో సిద్ధంగా ఉండేవాడు. పులికాట్ పోతే డచ్చి సమాధులు చూడొచ్చు, చక్కగా చెక్కిన రాళ్ళు, పేర్లు, తారీఖులు అన్నీ ఉంటాయి. ఆ ఓడల్లో ఎక్కించిన తెలుగు, తమిళ మనుషులకి రాళ్ళు లేవు. చరిత్ర అనే డేటాబేసులో కొందరికి రో కూడా లేదు, వట్టి కౌంటే ఉంది.

నన్ను తొలిచేస్తున్న విషయం ఇదే. ఆటలో మనం కూర్చునే కుర్చీ ఎప్పుడూ ఓడలోనే. ఊరు మన కోసం ఎదురుచూస్తుంటుంది, మనం వస్తే మేలుకుంటుంది, పోతే పడుకుంటుంది. పైరేట్స్ ఒక్కదాన్నే అనడం లేదు. 2009లో ఫిన్లాండ్ వాళ్ళు, నైట్రో గేమ్స్, "ఈస్ట్ ఇండియా కంపెనీ" అనే ఆటే తెచ్చారు. వ్యాపారం, ఓడల యుద్ధం కలగలిపారు. ఆడేవాడు కంపెనీ. ఇండియా అంటే సరుకెక్కించుకునే చోటు. వాళ్ళ దేశాల చరిత్ర వాళ్ళ వైపు నించి వాళ్ళు చెప్పుకున్నారు, అందులో వింతేముంది? మన వైపు నించి చెప్పాల్సింది ఎవరు?

మనవాళ్ళు అసలేమీ చెయ్యలేదని కాదు. అదే 2009లో హైదరాబాద్ లోని అరోనా టెక్నాలజీస్ తయారుచేసిన "హనుమాన్: బాయ్ వారియర్" ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది. పూర్తిగా ఇండియాలో తయారైన తొలి కన్సోల్ గేమ్ గా దానికి పేరు. సోనీ వాళ్ళే విడుదల చేశారు. రివ్యూలు మాత్రం దుంపతెంచాయి. పైగా, దేవుణ్ణి జాయ్ స్టిక్కుతో ఆడించడమేమిటి అని అమెరికాలో ఉండే రాజన్ జెడ్ అనే హిందూ నాయకుడు అభ్యంతరం చెప్పాడు. హైదరాబాద్ కే చెందిన గేమ్ శాస్త్ర "దేశీ అడ్డా" అని కబడ్డీ, గాలిపటాలు లాంటి మన ఆటల్ని అదే ప్లేస్టేషన్ 2లో పెట్టింది. 2020లో పుణె వాళ్ళు, నాడింగ్ హెడ్స్ గేమ్స్, "రాజి" తెచ్చారు. అందంగా ఉంది, దాన్ని ప్రపంచం కూడా మెచ్చుకుంది. అందులోనూ దేవుళ్ళూ రాక్షసులే.

పురాణాలు వద్దని కాదు నా ఉద్దేశం. కానీ హనుమంతుడి కథ ఆడేవాడికి ముందే తెలుసు. మార్చడానికి లేదు, మారిస్తే గొడవ. ఆట అనేదానికి ప్రాణం "ఇలా కాకుండా అలా చేసుంటే?" అన్న ప్రశ్నలో ఉంది. పురాణంలో ఆ ప్రశ్నకి చోటు తక్కువ, చరిత్రలో బోలెడంత. ఆరుముగ మొదలి ఆ రోజు ఇంగ్లీషువాళ్ళకి సాయం చెయ్యకుండా ఉంటే? ఆర్మగాంలో కోరిన గుడ్డ కోరినంత దొరికుంటే? డే దక్షిణానికి పోకుండా ఇక్కడే కోట బాగుచేయించుకుని ఉంటే? సెయింట్ జార్జి కోట వాకాడు పక్కన ఉండేదేమో, మన నెల్లూరోళ్ళం చదువుకోడానికీ, ఆస్పత్రులకీ, సినిమాలకీ మద్రాసు బండెక్కే బదులు మద్రాసోళ్ళే గూడూరు జంక్షన్లో దిగేవాళ్ళేమో :)

నా మటుకు నాకు కావలసిన ఆటలో హీరో కెప్టెన్ కాదు, దుబాసీ. దుబాసీ అంటే రెండు భాషలవాడు. అటు దొరలకి మన మాట, ఇటు నేతగాళ్ళకి దొరల మాట. ధర కుదిర్చేది వాడే, నాణ్యత తగ్గితే మాట పడేది వాడే, ఓడ ఆలస్యమైతే రెండువైపులా తిట్లు తినేది వాడే. ఎక్కడో విన్నట్టుందా? అవును, ఆన్‌సైట్ కోఆర్డినేటర్ ఉద్యోగం నాలుగు వందల ఏళ్ళనాటిది. బేరి తిమ్మన్న దుబాసీగా మొదలై మద్రాసులో ప్రధాన వర్తకుడయ్యాడు, గుడి కట్టించాడు. అతని చేతిలో కత్తి లేదు, ఓడ లేదు. ఉన్నదల్లా ఎవరికి ఏం కావాలో తెలియడం. ఆ ఆటలో నాయకుడి దగ్గర దౌత్యం ఉంటుంది, మగ్గాల దగ్గర బేరం ఉంటుంది, కెరటాల్లో పడవ నడపడం ఉంటుంది, రాత్రిపూట డచ్చివాళ్ళ కళ్ళు కప్పడం ఉంటుంది. కరువు ఏడాది ఓ డచ్చి వర్తకుడొచ్చి మనుషుల్ని కొనిపెట్టమంటాడు. కమిషను బాగా ఇస్తానంటాడు. అప్పుడు ఏ బటను నొక్కుతారు? పైరేట్స్ మనల్ని ఆ ప్రశ్న అడగలేదు. మనం తయారుచేస్తే అడగాలి.

ఇదంతా పాత రాళ్ళ మీద మోజుతో అంటున్నది కాదు. మన తీరానికి ఉన్నన్ని పొరలు తక్కువ చోట్ల ఉంటాయి. 1780ల్లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతు నాగలికి ఇటుకలు తగిలాయి. కింద పాత గుడి, ఓ చిన్న కుండ, కుండలో ట్రేజన్, హేడ్రియన్, ఫాస్టీనాల బొమ్మలున్న రోమన్ బంగారు నాణేలు. అదే తీరంలో 1971 నించి శ్రీహరికోట రాకెట్లు ఎగురుతున్నాయి. ఈ రెంటికీ నడుమ ఆర్మగాం. ఈ తరంలో దుగరాజపట్నం పేరు మన చెవిన పడింది 2014 విభజన చట్టంలో. 2018 చివరికల్లా అక్కడ పెద్ద ఓడరేవు మొదటి దశ పూర్తి చేస్తామని ఆ చట్టం పదమూడో షెడ్యూల్లో రాశారు. ఆ గడువుకి రేవు రాలేదు. పక్కనే కృష్ణపట్నం ఉందన్నారు, పులికాట్ పక్షులన్నారు, రాకెట్లన్నారు, చివరికి రామాయపట్నం అన్నారు. ఆ వాదనల్లో న్యాయం ఎంతుందో నిపుణులు చెప్పాలి. నాకు అనిపించింది మాత్రం ఒకటి. ఆ రోజుల్లో అంత చర్చ జరిగినా, "ఇక్కడ 1626లోనే ఒక రేవుండేది, ఇండియా చరిత్రని మలుపు తిప్పింది" అని గట్టిగా అన్నవాడు నాకు ఎక్కడా తగల్లేదు. మన కథ మనకే తెలీనప్పుడు మన వాటా అడిగే గొంతు కూడా సన్నబడుతుంది.

మనలో ఎంతోమంది పగలంతా వేరేవాళ్ళ ఆటలకి, వేరేవాళ్ళ సినిమాలకి కోటలు, ఓడలు, కత్తులు త్రీడీలో చెక్కి పంపుతున్నారు. హైదరాబాద్ లో ఆ నైపుణ్యానికి కొదవే లేదు. ఇంగ్లండు కోట గోడకి పాచి ఎలా పడుతుందో మనవాడికి తెలుసు. మసూలా పడవ కుట్టు ఎలా ఉంటుందో ఆ మనవాణ్ణే అడిగితే గూగుల్ చెయ్యాలి. ఇంజను దొరుకుతుంది, బొమ్మలు గీసేవాళ్ళు దొరుకుతారు, కథ మూడు వందల తొంభై చిల్లర ఏళ్ళుగా ఇసుకలో పడుంది. కావలసింది ఆ కుర్చీని ఓడలోంచి తీసి ఒడ్డు మీద వేసే మనిషి.

పైరేట్స్ ఇంకో పాతిక గంటలు ఆడాక మిగతా సంగతులు రాస్తా. ఈలోగా ఆటలు తయారుచేసే పనిలో ఉన్న మిత్రులెవరైనా ఉంటే చెప్పండి.. దుబాసీ హీరోగా ఆట అంటే కొనేవాళ్ళుంటారంటారా? నెల్లూరు వైపు వాళ్ళెవరికైనా దుగరాజపట్నం గురించి పెద్దవాళ్ళు చెప్పిన కథలు తెలిస్తే అవి కూడా రాసి పెట్టండి. ఆ కథలు చెప్పేవాళ్ళకి కూడా, ఆటలో కెప్టెన్ లాగే, వయసైపోతోంది.